పెంబర్తి పాన్‌దాన్

ఈ వారం ఒళ్ళు మండించింది ఒక వేలం జాబితా. అందులో మన విశాఖపట్నంలో చేసిన దంతపు పెట్టె ఒకటి. కర్ర మీద ఏనుగు దంతపు పలకలు తాపి, సన్నగా గీతలు చెక్కి, వాటి నిండా నల్ల లక్క నింపిన కుంపిణీ కాలపు పని. దొరసానులు కుట్టుసామాను దాచుకునే రకం. ఏ దొర ఇంట్లోంచి ఏ దొర ఇంట్లోకి పోయిందో వివరంగా రాశారు, చేసినవాడి ఊసే లేదు. ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలుసు, ఇది నా పాత గొడవే: వస్తువు మీద పనిమంతుడి పేరుండాలి.

ఆ కోపంతోనే అటక మీది నాయనమ్మ పాన్‌దాన్ దించాను. జనగామ పక్కన పెంబర్తిలో చేసిన ఇత్తడిది. నిజాం జమానాలో పాన్‌దాన్లకూ అత్తరుదాన్లకూ పేరుమోసిన ఊరది. మూత తీస్తే పై పళ్ళెంలో ఆకులు, కింది అరల్లో వక్కలు, కాచు, లవంగాలు, ఓ మూలన సున్నపు డబ్బీ. పిల్లలం వక్క అడిగితే "నాలుక మొద్దుబారుతది, చదువు రాదు పో" అని టక్కున మూసేది. పగటిపూట అన్నాలయ్యాక వాడకట్టు ఆడవాళ్ళంతా దాని చుట్టూ చేరేవాళ్ళు. పెళ్ళి సంబంధాలు, చిట్టీ బాకీలు, పాలోళ్ళ పంచాయితీలు అక్కడే తెగేవి. మా చిన్నత్త పెళ్ళి కుదిరిందీ, ఒకసారి చెడిందీ ఆ డబ్బా ముందే.

మూత తిప్పి చూస్తే పైన ఉబ్బిన పువ్వు లోపల గుంటగా ఉంది. ఇత్తడి రేకును కాచి, లక్క మీద అతికించి, ఉలి పెట్టి సుత్తితో కొడితేనే అలా పొంగుతుంది. కింద లక్క ఒదుగుతుంది కనక రేకు చిరగదు. ఆ గుంటల్లో నాయనమ్మ వేలి సున్నం ఇంకా తెల్లగా ఉంది. పేరు కోసం వెతికాను, లేదు.

ఎవరి పేరు వేయాలి? నగిషీ గీసేది ఒకరు, కొట్టేది ఒకరు, అతుకు పెట్టేది మరొకరు, మెరుగు పెట్టేది ఇంకొకరు. అందరి పేర్లూ వేస్తే పువ్వుకు చోటుండదు. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిందీ పెంబర్తి పేరునే. ఆ వేలంవాళ్ళు కూడా విశాఖ పేరు చెప్పే ధర పెంచారు. కాబట్టి నా గొడవ ఇక్కడితో బంద్. ఊరి పేరే సంతకం, అది చాలు.

దంతపు పెట్టెలు మళ్ళీ రావు, రావద్దు కూడా; 1986 నుంచి మన ఏనుగు దంతం అమ్మకం నిషేధం. ఇత్తడికి ఆ అడ్డు లేదు, అడిగేవాళ్ళే లేరు. గుడి తొడుగులు, సన్మానాల జ్ఞాపికల మీదే ఇప్పుడు పెంబర్తి సుత్తి ఆడుతోంది. హైదరాబాద్-వరంగల్ రోడ్డు మీదే ఉంది ఊరు. ఈసారి ఎవరినైనా సన్మానించేటప్పుడు గోడకు వేలాడే షీల్డు మానేసి ఒక పాన్‌దాన్ చేయించండి. ఆకు వేసుకోనివాళ్ళు బీపీ గోలీలు పెట్టుకుంటారు.