నీళ్లివ్వడం, కాళ్లు కడగడం

మన ఊళ్లలో ఇంటికొచ్చిన వాళ్లకి ముందు కాళ్లకు నీళ్లిస్తాం. చెంబు చేతికిస్తే వాళ్లే కడుక్కుంటారు. అది మర్యాద. ఎదుటివాళ్ల కాళ్లు కడగడం వేరే సంగతి. పెళ్లిలో వరుడి కాళ్లు కడిగే ఆడపిల్ల తండ్రికి ఆ తేడా తెలుసు.

2025 మే 14న మిస్ వరల్డ్ పోటీదారులు రామప్ప గుడికి వచ్చినప్పుడు ఈ రెంటి మధ్య గీత చెరిగిపోయింది. స్థానిక స్త్రీలు వాళ్ల కాళ్లమీద నీళ్లు పోయడం, తువ్వాళ్లతో తుడవడం వీడియోల్లో అందరూ చూశారు. విమర్శలు వచ్చాయి. అతిథి మర్యాదే కదా అనే సమర్థనా వచ్చింది.

ఈ దృశ్యాన్ని ఒక పాఠ్యంగా చదవాలనిపించింది నాకు. బలంతోనో డబ్బుతోనో కాక, ఆకర్షణతో ఇతర దేశాలను తనవైపు తిప్పుకునే శక్తికి 1990లో జోసెఫ్ నై 'సాఫ్ట్ పవర్' అని పేరుపెట్టాడు. రామప్పకి ఆ శక్తి ఉంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2019లో ములుగు జిల్లా ఏర్పడేదాకా భూపాలపల్లి జిల్లాలో ఉండేది. అక్కడి నల్లరాతి మదనికలను ఎవరికైనా గర్వంగా చూపించవచ్చు.

కానీ ఆరోజు మనం ప్రదర్శించిన సంస్కృతిలో స్త్రీ ఎక్కడెక్కడ ఉంది? రాతిలో అందంగా ఉంది. పోటీలో ఒక దేశానికి ప్రతినిధిగా ఉంది. కాళ్ల దగ్గర వంగి, పేరు లేకుండా ఉంది. తప్పు ఆ పోటీదారులదీ కాదు, ఆ స్త్రీలదీ కాదు. ఎవరు నిలబడాలో ఎవరు వంగాలో ముందే రాసిపెట్టిన పితృస్వామ్యానిది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 దాకా వరంగల్ జిల్లాలోవే. వెట్టికి ఎదురు తిరిగిన నేల ఇది. జనగామ దగ్గరి పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖ్‌ని ఎదిరించి తన పంట దక్కించుకుంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో అలాంటి స్త్రీలు తమ పేర్లతో, తమ మాటల్లో మాట్లాడారు. నలభై ఏళ్ల కిందట ఒక పుస్తకం చేసిన పని, ప్రపంచం చూస్తున్న వేళ మన ప్రభుత్వ వేదిక చేయలేకపోయింది.

మళ్లీ అతిథులొస్తే చెంబు వాళ్ల చేతికే ఇద్దాం. గుడి కథ చెప్పే పని ఆ ఊరి స్త్రీలకిద్దాం. చెప్పేముందు వాళ్ల పేరేమిటో అడుగుదాం.