పాటలోని 'నువ్వు' ఎవరు?

పాప్ పాటకు ఆడా మగా తేడా లేదనీ, అది అందరిదీ అనీ అభిమానులు అంటూంటారు. మాట మంచిదే. అయితే పాట అందరిదీ కావడం వేరు, పాడినవాణ్ణి అందరూ తమవాడనుకోవడం వేరు. 1980ల నాటి బ్రిటిష్ పాప్ సంగీతంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

పెట్ షాప్ బాయ్స్ పాటలు చూడండి. వారి ప్రేమగీతాలు చాలావాటిలో వినిపించేది 'నేను', 'నువ్వు' మాత్రమే. ఇంగ్లీషులో ఈ సర్వనామాలకు గాని, వాటి క్రియలకు గాని లింగభేదం లేదు. ఆ 'నువ్వు' ప్రియుడో, ప్రియురాలో వినేవారే ఊహించుకోవాలి. తెలుగులోనూ అంతే. 'వెళ్ళాడు', 'వెళ్ళింది' అన్నప్పుడు తెలిసేది 'వెళ్ళావు' అంటే తెలియదు. ఈ వెసులుబాటు విలువ మహారాష్ట్రలోని మన విద్యార్థులకు మరింత బాగా తెలుస్తుంది. మరాఠీలో పురుషుణ్ణి ఉద్దేశిస్తే 'తూ గేలాస్', స్త్రీని ఉద్దేశిస్తే 'తూ గేలీస్' అనాలి. అక్కడ అనువాదకుడు ఏదో ఒకటి తేల్చక తప్పదు.

తన ప్రేమ సంగతి ఇంట్లో చెప్పుకోలేని కుర్రవాడికి ఈ అస్పష్టతే ఆశ్రయం. పదిమందిలో గొంతెత్తి పాడినా ఎవరికీ అనుమానం రాదు. గాయకుడు నీల్ టెనెంట్ తాను స్వలింగ ప్రేమికుణ్ణని బహిరంగంగా చెప్పింది 1994లో. అప్పటికి ఎనిమిదేళ్ళుగా ఆయన పాటలు జనం నోళ్ళలో ఉన్నాయి.

కాని ఈ అస్పష్టత తక్కినవారికీ అనుకూలమే. పాటను ప్రేమిస్తూనే అందులోని మనిషిని చూడకుండా ఉండవచ్చు. బ్రాన్‌స్కీ బీట్ బృందం ఆ అవకాశం ఇవ్వదలచుకోలేదు. ఆ ముగ్గురూ తాము స్వలింగ ప్రేమికులమని మొదటినుంచీ చెప్పుకున్నవారే. 1984లో వచ్చిన 'స్మాల్‌టౌన్ బాయ్'లో 'నువ్వు' ఇల్లు విడిచి పోతున్న కుర్రవాడు. ఆ పాట వీడియోలో తండ్రి కొడుక్కి డబ్బిస్తాడు, చేయి మాత్రం కలపడు. అదే ఏడాది వచ్చిన ఆల్బమ్ 'ది ఏజ్ ఆఫ్ కన్సెంట్' కవరు మీద పురుషుల మధ్య సంబంధానికి ఐరోపా దేశాల చట్టాలు విధించిన కనీస వయస్సులు అచ్చువేశారు. అప్పట్లో ఇంగ్లండులో అది 21 ఏళ్ళు. స్త్రీపురుషుల మధ్యనైతే 16.

'స్మాల్‌టౌన్ బాయ్' బ్రిటన్ అమ్మకాల పట్టికలో 3వ స్థానానికి చేరింది. ఆ దేశంలోనే 1988లో, స్థానిక సంస్థలు స్వలింగ సంపర్కాన్ని 'ప్రోత్సహించరాద'ని 28వ సెక్షన్ వచ్చింది. స్కాట్లండులో 2000 దాకా, ఇంగ్లండు, వేల్సులలో 2003 దాకా అది అమలులో ఉంది. పాట కొన్నవారూ చట్టం చేసినవారూ ఒకరే కాకపోవచ్చు. అయినా అంత అభిమానమూ ఆ చట్టాన్ని ఆపలేకపోయిందన్నది గమనార్హం.

కనుక అభిమానానికి ఉన్న శక్తిని తక్కువ చేయనక్కరలేదు, దాన్నే అంగీకారమని పొరబడనూ కూడదు. పాటలోని 'నువ్వు' ఒంటరివాడికి తోడు నిలుస్తుంది. సమాజం అతణ్ణి అంగీకరించిందీ లేనిదీ తెలిసేది ప్రథమపురుషలో, అంటే అతడు ఎదుట లేనప్పుడు మనం వాడే మాటలో. మన దేశంలో వయోజనుల ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇక ఇంట్లో, వీధిలో అతణ్ణి 'మావాడు' అనగలగడం మన వంతు.