గుణదల తిరునాళ్లు: మొక్కు, మెట్లు, జీడిపాకం

కృష్ణా డెల్టాలో తిరునాళ్లు పంటలను అనుసరించి నడుస్తాయి. 1855లో బెజవాడ (నేటి విజయవాడ) ఆనకట్ట పూర్తయి కాలువల కింద వరి స్థిరపడిన నాటి నుంచి, సార్వా నూర్పిళ్లు దాదాపుగా ముగిసి, కోతకు ముందే వరిచేలో చల్లిన మినుము, పెసర పూత, పిందె మీదుండే మాఘమాసం రైతుకు కాస్త తీరికనూ, చేతిలో నాలుగు డబ్బులనూ ఇచ్చే కాలమైంది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో బెజవాడలోని గుణదల కొండ దగ్గర జరిగే మేరీమాత తిరునాళ్లు ఈ తీరికలోనే పడతాయి గాని, ఆ తేదీ పుట్టింది మాత్రం ఫ్రాన్సులో. 1858 ఫిబ్రవరి 11న లూర్దు పట్టణం దగ్గర గుహలో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పేదపిల్లకు మరియమాత తొలిసారి కనిపించిందని కతోలికులు విశ్వసిస్తారు. లూర్దుమాత పండుగ ఆ రోజుదే. ఈ రెండు కాలాలూ కలిసి రావడం యాదృచ్ఛికమే అయినా, అలా కలవకపోయి ఉంటే ఇది ఒక విచారణకు, అంటే ఒక గురువు పర్యవేక్షణలోని క్రైస్తవ సంఘానికి, పరిమితమైన పండుగగానే మిగిలిపోయేదేమో.

1924లో గుణదల సెయింట్ జోసఫ్ అనాథశరణాలయానికి అధిపతిగా ఉన్న ఫాదర్ అర్లాటి ఇక్కడ మరియమాత స్వరూపాన్ని నెలకొల్పారు. 1937లో బెజవాడ కేంద్రంగా కతోలిక పీఠం ఏర్పడింది. దేవాలయ ప్రతిష్ఠ 1971లో జరిగింది. చరిత్ర ఇంత క్లుప్తమే. అయితే పండుగను తిరునాళ్లుగా మలచింది భక్తులు తమ వెంట తెచ్చుకున్న మొక్కుబడి పద్ధతి. జబ్బు నయమైతేనో, సంతానం కలిగితేనో ఫలానాది చెల్లిస్తామని ముందుగా మాట ఇచ్చి, కోరిక తీరాక ఊరి నుంచి బయలుదేరి వచ్చి తలనీలాలు సమర్పించడం, కొబ్బరికాయ కొట్టడం, కొవ్వొత్తులు వెలిగించడం ఇందులోని క్రమం. వీటిలో కొవ్వొత్తి ఒక్కటే లూర్దుకు తెలిసినది. మిగిలినవి తిరుపతికీ, కోటప్పకొండకూ వెళ్లే వారికి చిరపరిచితాలు, ఆ వెళ్లేవారిలో ఎందరో ఇక్కడికీ వస్తారు. రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధనలో ఆయా జాతుల ఆచారాలకు చోటిచ్చిన మాట నిజమే గాని, ఒక ఉత్తర్వు వల్ల కొబ్బరికాయ కొండెక్కదు. జబ్బు మొక్కుల సంగతికి వస్తే, పోప్ రెండవ జాన్ పాల్ 1992లో ఇదే ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు.

కొండ ఎక్కడంలోనూ ఒక నేర్పు ఉంది. జపమాలలో పది పూసల చొప్పున ఐదు వరుసలుంటాయి. వరుసకు ముందు ఒక పరలోక జపం, పది పూసలకూ పది మంగళవార్త జపాలు, చివర త్రిత్వ స్తోత్రం చెప్పుకొంటారు. లెక్క వేళ్లకు అప్పగించి మనసును ధ్యానానికి విడిచిపెట్టడం దీని ఉద్దేశం. ఒకరు సగం జపం చెప్పగా గుంపు మిగతా సగం అందుకునే పద్ధతి వల్ల ముసలివారూ, చంటిబిడ్డల తల్లులూ అడుగు వెనకబడకుండా, ఆయాసపడకుండా ఎక్కగలుగుతారు.

దిగివచ్చిన వారికి ఎదురయ్యేది అంగళ్ల వరుస. గాజులూ, బొమ్మలూ ఎక్కడైనా దొరికేవే. తిరునాళ్లకే ప్రత్యేకమైన పనితనం జీళ్లది. బెల్లాన్ని కొద్ది నీటిలో కరిగించి, మడ్డి లేకుండా వడకట్టి బాణలిలో కాస్తారు. చుక్కను చన్నీళ్లలో వేసినప్పుడు గట్టి ఉండ కట్టేదాకా పాకం ముదరాలి. ముందుగా దింపితే జీడి పళ్లకు పట్టుకుంటుంది, ఆలస్యమైతే లాగేలోపే పెళుసెక్కుతుంది. నూనె రాసిన బండ మీద పోసిన పాకానికి అంచులే ముందుగా చల్లారతాయి కనుక వాటిని ఎప్పటికప్పుడు మధ్యకు మడుస్తూ, చేయి ఓర్చుకోగల వేడికి రాగానే ముద్దను గుంజకు కొట్టిన మేకుకు తగిలించి బారెడు పొడవు లాగి, తిరిగి మడిచి మేకుకు వేసి మళ్లీ లాగుతారు. ప్రతి మడతలోనూ గాలి చిక్కుకుని, నల్లగా ఉన్న ముద్ద క్రమంగా బంగారు వన్నెకు తిరుగుతుంది. రంగు చూసి ఆపడమే అసలు విద్య. ఆ తరువాత సన్నని తాడులా సాగదీసి, ముక్కలు కోసి, వేయించిన నువ్వులలో దొర్లిస్తారు. యంత్రం చుట్టిన చాక్లెట్ పక్కనే అమ్ముడవుతున్నా ఈ పని నిలిచి ఉండడానికి కారణం రుచి ఒక్కటే అనుకోవడం పొరపాటు: కొనేవాడి కళ్ల ముందే తయారయ్యే సరుకు ఇది, ఆ లాగుడే దానికి ప్రకటన.

ఇలాంటి అంగళ్లవారికి గుణదల ఒక మజిలీ. మాఘ పౌర్ణమికి పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ కల్యాణం, ఆపై శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు ఉండనే ఉన్నాయి. జీళ్లు లాగేవాడు అదే మేకును, అదే బాణలిని అక్కడికీ మోసుకుపోవచ్చు, పాకం మాత్రం మారదు.