కానుగాకు మీది బుడిపెలు

సదాశివనగర్‌లో రోడ్డు పక్క కానుగ కొమ్మ ఒకటి వంచి చూడండి. కొన్ని ఆకుల నిండా బుడిపెలుంటాయి. "రోగమొచ్చింది, కొట్టేయాలె" అనే మాటా చెట్టు కిందే వినిపిస్తుంది. ఆ మాటకు నా మనసు చివుక్కుమంటుంది.

బుడిపె సంగతి తేల్చాలంటే ముందు చెట్టేదో తేల్చుకోవాలి. వీటిని పుట్టించే జీవుల్లో చాలావరకు ఒకే జాతి చెట్టునో, దాని దగ్గరి చుట్టాలనో పట్టుకుని బతుకుతాయి. కానుగను పోల్చుకోవడం తేలిక. ఒక్కో కాడకు ఐదో ఏడో నున్నటి ఆకులు జంటలుగా ఉంటాయి, కొసన మాత్రం ఒకటే. ఎండాకాలంలో లేత ఊదా పూలు, తర్వాత ఒకటి రెండు గింజల బల్లపరుపు కాయలు.

ఇక బుడిపెను బ్లేడుతో నిలువునా కోయండి. లోపల బోలు గది. అందులో కాపురముండేది నల్లి (మైట్) జాతి జీవి, శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఏసీరియా పొంగామియే. పొడవు మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటే గొప్ప, కాబట్టి మామూలు భూతద్దానికి సరిగా అందదు. మామూలు నల్లులకు ఎనిమిది కాళ్లుంటే దీనికి నాలుగే. లేత ఆకును ఇది గుచ్చి పీల్చిన చోట ఆకు కణాలు అతిగా పెరిగి, దాని చుట్టూ గూడు కడతాయి. ఉండేది నల్లి, కట్టి ఇచ్చేది చెట్టు! ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యం తీరదు. బుడిపె ఒకవైపు లేస్తే దాని సన్నని నోరు ఆకుకు రెండోవైపు ఉంటుంది. అక్కడి నుంచి బయటపడ్డ నల్లులను గాలి వేరే ఆకులకు మోస్తుంది.

ఆకు మీద తెల్లటి పొర ఉబ్బితే అది వేరే కథ, రెండు పొరల మధ్య తొలుచుకు తినే పురుగుది. పూలగుత్తిలో గుండ్రని కాయలు కనిపిస్తే అవి కాయలే కావు. మొగ్గలో చిన్న ఈగ గుడ్డు పెట్టడంతో విచ్చుకోలేకపోయిన పూలు.

ఇలాంటి ఉబ్బుల మీద ఎం.ఎస్. మణి 1973లో 'ప్లాంట్ గాల్స్ ఆఫ్ ఇండియా' అనే పుస్తకమే తెచ్చారు. ఆయుర్వేద కొట్లో దొరికే మాచికాయ కూడా, ఓక్ చెట్టు మీద ఒక కందిరీగ జాతి పుట్టించిన ఉబ్బే.

ఎదిగిన కానుగకు ఈ నల్లితో ప్రాణభయం లేదు. మందు కొట్టినా గూటి లోపలికి చేరడం కష్టం, దాని మీద డబ్బు పోయకండి. నర్సరీ మొక్కలకైతే బుడిపెలున్న ఆకులు తుంచి కాల్చేస్తే సరిపోతుంది. పెద్ద చెట్టును మాత్రం దాని మానాన వదలండి, ఆకు రాల్చి చిగురు వేసే రోజుల్లో లేత ఆకులు తిప్పి చూస్తూ ఉండండి. కొత్త గూళ్లు మొదలయ్యేది వాటి మీదే.