హాఫ్‌టైమ్‌లో ఊడిన ఉద్యోగం

ఫుట్‌బాల్ అంటే ప్రీమియర్ లీగ్ ఒక్కటే అనుకునే ఫ్రెండ్ ఒకడు ఆమధ్య అర్ధరాత్రి వాట్సాప్‌లో ఒక క్లిప్ పంపాడు, కింద నాలుగు నవ్వే బొమ్మలు పెట్టి. మీలో కొందరు చూసే ఉంటారు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక మనిషి ఆటగాళ్లని తిడుతుంటాడు. మామూలు తిట్లు కావు, ఇక్కడ రాయలేనివి. ఇద్దరిని పట్టుకుని, ఎదురు చెప్తే ఇక్కడే తేల్చుకుందాం, ఇద్దరూ కలిసే రండి, కావాలంటే ఇంకొకణ్ణి తోడు తెచ్చుకోండి, డిన్నర్ కూడా కట్టుకురండి, నేను మీ పని పట్టేసరికి అది అవసరం పడుతుంది అంటాడు. ఆ డిన్నర్ దగ్గర నేనూ నవ్వాను. అంత కోపంలో అన్నం క్యారేజీ ఎలా గుర్తొచ్చిందా అని.

ఆ మనిషి పేరు జాన్ సిట్టన్. క్లిప్, 1995లో బ్రిటన్ చానెల్ 4లో వచ్చిన ‘ఓరియెంట్: క్లబ్ ఫర్ ఎ ఫైవర్’ అనే డాక్యుమెంటరీలోది. దర్శకురాలు జో ట్రెహార్న్. క్లిప్‌తో ఆగి ఉంటే నాకు సిట్టన్ ఒక కార్టూన్‌గా మిగిలిపోయేవాడు. సినిమా మొత్తం చూశాక అలా మిగల్లేదు. అలాగని అతని మీద జాలితో కరిగిపోయానని కూడా కాదు. ఎక్కడ ఆగాలో తేలక ఇది రాస్తున్నాను.

ముందు కథ చెప్పాలి, ఎందుకంటే ఆటలో జరిగింది చాలావరకు ఆట బయటిదే. లేటన్ ఓరియెంట్ తూర్పు లండన్ క్లబ్. 1994-95లో ఆడుతున్నది సెకండ్ డివిజన్లో. పేరుకే సెకండ్, పైన ప్రీమియర్ లీగ్ పెట్టాక అది నిజానికి మూడో మెట్టు. (ఇంగ్లీషువాళ్లకి మెట్ల పేర్లు మార్చడం మనవాళ్లు రోడ్ల పేర్లు మార్చినంత సరదా.) క్లబ్ యజమాని టోనీ వుడ్‌కి రువాండాలో కాఫీ వ్యాపారం. 1994 ఏప్రిల్లో అక్కడ నరమేధం మొదలైంది. లక్షల మంది చచ్చిపోయిన చోట ఒకడి కాఫీ వ్యాపారం పోవడం ఏపాటి విషయం? కానీ ఆ వ్యాపారం ఆగేసరికి వేల మైళ్ల దూరంలో ఒక ఫుట్‌బాల్ క్లబ్ జీతాలకి తడుముకోవాల్సి వచ్చింది. సినిమా పేరులోని ‘ఫైవర్’ అయిదు పౌండ్ల నోటు. స్నూకర్, బాక్సింగ్ పోటీలు నడిపే బ్యారీ హెర్న్ ఆ సీజన్ చివర్లో క్లబ్‌ని కొన్నది ఆ ధరకే.

సిట్టన్ 1959లో హ్యాక్నీలో పుట్టాడు, అంటే ఆ పక్కవాడే. చెల్సీలో మొదలై, అక్కడ నిలదొక్కుకోలేక, మిల్‌వాల్, గిల్లింగామ్ మీదుగా ఓరియెంట్‌కి వచ్చాడు. డిఫెండర్. ఆట మానేశాక అక్కడే కోచింగ్‌లో చేరాడు. 1994లో మేనేజర్ పోతే, క్రిస్ టర్నర్ అనే మాజీ గోల్‌కీపర్‌నీ ఇతన్నీ కలిపి మేనేజర్లని చేశారు. ఇద్దరికి ఒక కుర్చీ. అప్పటికి సిట్టన్‌కి ముప్పై అయిదేళ్లు లేవు. ఆటగాళ్లని కొనే డబ్బు లేదు, ఉన్నవాళ్లకి ఇచ్చే డబ్బూ గ్యారంటీ లేదు. ఇంగ్లండ్‌లో చిన్న క్లబ్ మేనేజర్ అంటే చాలాసార్లు ఇంతే: యజమాని చేయని పనికీ, ఆటగాడు చేయలేని పనికీ మధ్యలో నిలబడి జవాబు చెప్పుకునేవాడు.

1995 ఫిబ్రవరిలో బ్లాక్‌పూల్‌తో సొంత గ్రౌండ్లో మ్యాచ్. ఆ తిట్లు ఆ మ్యాచ్ హాఫ్‌టైమ్‌లోవి. అయితే క్లిప్‌లో అందరూ నవ్వే డిన్నర్ ముక్క కంటే పెద్దది అదే హాఫ్‌టైమ్‌లో ఇంకొకటి జరిగింది. టెరీ హవర్డ్ అనే డిఫెండర్ని సిట్టన్ అక్కడికక్కడే ఉద్యోగంలోంచి తీసేశాడు. హవర్డ్ నిన్న మొన్న వచ్చినవాడు కాదు. ఓరియెంట్‌కి ఒక్క లీగ్‌లోనే మూడు వందలకి పైగా మ్యాచ్‌లాడాడు. 1989లో క్లబ్ పైమెట్టుకి ఎక్కినప్పుడు టీమ్‌లో ఉన్నవాడు. అప్పట్లో అదే క్లబ్‌లో, అదే డిఫెన్స్‌లో ఆడిన ఇంకో మనిషి ఎవరో తెలుసు కదా. సిట్టనే.

అత్త మీద కోపం దుత్త మీద అంటాం. ఈ సినిమా గొప్పతనం ఆ కోపం దిగివచ్చిన దారంతా చూపించడం. రువాండా నుంచి టోనీ వుడ్‌కి, వుడ్ నుంచి మేనేజర్‌కి, మేనేజర్ నుంచి హాఫ్‌టైమ్‌లో చెమటతో కూర్చున్న ఒక డిఫెండర్‌కి. ట్రెహార్న్ ఈ లంకె ఎక్కడా ఉపన్యాసంలా చెప్పదు. పక్కపక్కన పెట్టి ఊరుకుంటుంది. అది చూశాక సిట్టన్ అరుపు వేరేలా వినిపిస్తుంది. డబ్బు, బెంచీ మీద మంచి ఆటగాళ్లు, బోర్డు అండ, ఇవన్నీ ఉన్న మేనేజర్ అంతలా అరవనక్కర్లేదు, వచ్చేవారం ఇంకొకణ్ణి ఆడిస్తాడు. సిట్టన్ దగ్గర మిగిలింది గొంతు ఒక్కటే. దాన్ని అరిగిపోయేదాకా వాడాడు.

ఇక్కడిదాకా సినిమాతో నాకు పేచీ లేదు. పేచీ దుత్త దగ్గరే.

సిట్టన్ మొహం నాకు కంఠతా వచ్చేసింది. టెరీ హవర్డ్ మొహం గుర్తు తెచ్చుకోమంటే రావడం లేదు. ఇది నా మతిమరుపు మాత్రమే కాదు. కెమెరా మాట ఉన్నచోటికి వెళ్తుంది, అరిచేవాడి మీద ఆగుతుంది, అరుపు పడ్డవాడు ఫ్రేము అంచున ఉండిపోతాడు. ఇంత ఓపిగ్గా మెట్లన్నీ దిగిన సినిమా చిట్టచివరి మెట్టు ముందు ఆగిపోయిందనిపించింది. మూడు వందల మ్యాచ్‌లాడిన చోట, రెండో సగం మొదలయ్యేలోపు, పాత టీమ్‌మేట్ నోటి నుంచి ఆ మాట విన్నవాడు ఆ సాయంత్రం ఇంట్లో ఏం చెప్పి ఉంటాడు? అదీ ఈ సినిమాలో ఉండాల్సిన కథే.

ఈ లోపాన్ని పట్టుకునే హక్కు నాకు పెద్దగా లేదు. ఇరవై రెండేళ్లప్పుడు కాల్ సెంటర్లో నైట్ షిఫ్ట్ చేసేవాణ్ణి. ఒక రాత్రి టీమ్ లీడ్ ఫ్లోర్ మధ్యలో నిలబడి, డిన్నర్ బ్రేక్ అవకముందే ఒక కుర్రాణ్ణి ఇంటికి పొమ్మన్నాడు. రెండు గంటల ముందు అదే టీమ్ లీడ్‌ని అద్దాల గదిలో ఎవరో దులిపారు, మేమంతా చూశాం. అతను ఆ కుర్రాడితో అన్న ప్రతి మాటా నాకు ఇప్పటికీ గుర్తుంది, మిమిక్రీ చేసి చాలామందిని నవ్వించాను కూడా. ఆ కుర్రాడు హెడ్‌సెట్ తీసి ఎక్కడ పెట్టాడో, ఎటు నుంచి వెళ్లాడో గుర్తులేదు. పేరు కూడా.

ఏడాది ముందు, 1994లో, అదే చానెల్ 4 ఇంగ్లండ్ జట్టు మేనేజర్ గ్రాహం టేలర్ మీద ‘యాన్ ఇంపాజిబుల్ జాబ్’ చూపించింది. వరల్డ్ కప్‌కి అర్హత పోగొట్టుకుంటూ టచ్‌లైన్ పక్కన అతను పడ్డ యాతన దేశానికి ఏళ్లతరబడి జోకైంది. కానీ టేలర్‌కి వెనక్కి వెళ్లడానికి వాట్‌ఫర్డ్ ఉంది. ఆ క్లబ్‌ని ఒకప్పుడు నాలుగో డివిజన్ నుంచి మొదటి డివిజన్ దాకా తెచ్చినవాడు, తిరిగెళ్లి 1999లో ప్రీమియర్ లీగ్‌కి ఎక్కించాడు. 2017లో చనిపోయినప్పుడు జోకులు వేసినవాళ్లూ కళ్లు తుడుచుకున్నారు. సిట్టన్‌కి ఆ వాట్‌ఫర్డ్ లేదు. ఓరియెంట్ పట్టికలో అట్టడుగున నిలిచి కిందికి పోయింది. హెర్న్ వచ్చాడు, మేనేజర్లిద్దరినీ పంపేశాడు. సినిమా టీవీలో వచ్చేనాటికే ఉద్యోగం లేదు. ఆ తర్వాత లీగ్ క్లబ్ ఏదీ మేనేజర్‌గా పిలవలేదు. నోరు పారేసుకున్న మేనేజర్లు ఇంగ్లండ్‌లో లెక్కలేనంతమంది. కెమెరా ముందు పారేసుకున్నవాడు ఇతను.

సిట్టన్ లండన్‌లో బ్లాక్ క్యాబ్ నడిపాడు. ఆ లైసెన్సు ఊరికే రాదు. చారింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల మేర ఉన్న దాదాపు 25,000 వీధుల్ని బుర్రలో పెట్టుకుని పరీక్షకి కూర్చోవాలి. చాలామందికి ఏళ్లు పడుతుంది. ఆ పరీక్ష పేరు ‘ది నాలెడ్జ్’. 2016లో వచ్చిన తన ఆత్మకథకి అతను పెట్టుకున్న పేరు ‘ఎ లిటిల్ నాలెడ్జ్ ఈజ్ ఎ డేంజరస్ థింగ్’. మిడిమిడి జ్ఞానం ముప్పు అని. అందులో టాక్సీ పరీక్షా ఉంది, ఎడిట్ అయిన ఫుటేజీతో తన జీవితం మొత్తం తెలిసిపోయిందనుకున్న జనమూ ఉన్నారు. తన మీద తను వేసుకున్న చురక కూడా ఉందనే నేను చదువుకున్నాను. నాకు ఈ మనిషి నిజంగా నచ్చిన చోటు ఈ పేరే. మొహం మీద అరిచే మనిషిలో ఈపాటి వెటకారం ఉందని కెమెరాకి దొరకలేదు. లేదా, ఆ డిన్నర్ మాటలో దొరికింది, మనం సరిగ్గా వినలేదు.

హవర్డ్ సంగతి కూడా చెప్పాలి. అతన్ని వికూమ్ వాండరర్స్ తీసుకుంది. అదే డివిజన్లో, ఓరియెంట్ కంటే ఎంతో పైన ఉన్న టీమ్. ఆట ఆగలేదు.

మా ఫ్రెండ్‌ని సినిమా మొత్తం చూడమని చెప్పాను. వీకెండ్ చూస్తానన్నాడు. రెండు వీకెండ్లు అయ్యాయి. క్లిప్ మాత్రం వాళ్ల ఆఫీసు గ్రూపులో పెట్టాడట, మేనేజర్ కూడా నవ్వాడని చెప్పాడు.