లేని చేతికి నొప్పి: పుస్తకం చెప్పింది, వదిలేసింది

తీసేసిన చేతి వేళ్లు నొప్పి పెడుతున్నాయని ఎవరైనా అంటే మీరు నవ్వుతారేమో. నవ్వకుండా చేసే పుస్తకం 'ఫాంటమ్స్ ఇన్ ద బ్రెయిన్'. మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో చదివి కాలిఫోర్నియాలో స్థిరపడిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్, పాత్రికేయురాలు శాండ్రా బ్లేక్స్లీతో కలిసి రాయగా 1998లో వెలువడింది. మీ కాలేజీ గ్రంథాలయంలో దొరికితే వదలకండి. మొదటి మూడు అధ్యాయాలు డిటెక్టివ్ నవలలా చదివిస్తాయి. అయితే వాటినే, కాలు పోగొట్టుకున్న ఒక పిల్లవాడి పక్కన కూర్చుని చదివి చూడండి. అప్పుడు ఒక పెద్ద లోటు కనిపిస్తుంది.

ముందు మంచి చెప్పుకుందాం. చేయి లేని యువకుడి చెంపను దూదిపుల్లతో తాకితే, అతనికి లేని చేతిని తాకినట్టనిపిస్తుంది. మెదడు ఉపరితలంలో ముఖానికీ చేతికీ చెందిన భాగాలు పక్కపక్కనే ఉండటమే కారణమంటారు రచయిత. ఇక అద్దం పెట్టె మాట చెప్పాలా! అట్టపెట్టెలో నిలువుగా ఒక అద్దం పెట్టి, ఉన్న చేతిని అందులో చూస్తూ కదిపితే లేని చేయి కదిలినట్టుంటుంది. బిగుసుకుపోయిన 'మాయ చేయి' సడలుతుంది. ఇంత చవకైన పరికరం వైద్యంలో అరుదు. 2007లో అమెరికా సైనిక వైద్యులు కాలు పోయిన 18 మందిపై పరీక్షించి చూసినప్పుడు అద్దం వాడినవారికి నొప్పి తగ్గింది.

నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. నొప్పి మొండి చివర నుంచి వస్తోందని నమ్మిన పాతకాలపు సర్జన్లు దాన్ని మళ్లీమళ్లీ కోసి పొట్టి చేసేవారు. పుస్తకం దీన్ని తప్పుపడుతుంది, సరిగానే. కానీ చదివి మూసేసిన విద్యార్థికి మిగిలే అభిప్రాయమేమిటి? నొప్పంతా మెదడులోనే ఉంది, కోసిన నరానికి పెద్దగా సంబంధం లేదని. అది నిజం కాదు.

కోసిన నరం ఊరుకోదు. రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున దాని తంతువులు పెరుగుతాయి, తాము చేరవలసిన కండరాన్నీ చర్మాన్నీ వెతుక్కుంటూ. అవి అక్కడ లేవు కదా! దారి దొరకక తమలో తామే చిక్కుపడి ముడిగా తయారవుతాయి. దీన్నే న్యూరోమా అంటారు. కృత్రిమ కాలు దానికి ఒత్తుకుంటే కరెంటు షాకు కొట్టినట్టుంటుంది. మొండిని ఇంకొంచెం కోస్తే ఇంకో ముడి పుడుతుంది. అంతేగాని నరం నిర్దోషి అని తేలదు.

నరానికి కావలసింది ఒక గమ్యం. 2002లో చికాగోలో టాడ్ క్యూకెన్, గ్రెగరీ డుమేనియన్ బృందం తెగిన నరాలను దగ్గరి కండరాల నాడులకు కలిపి కుట్టింది. ఉద్దేశం మోటారు చేతిని నడపడం. నొప్పి తగ్గడం తర్వాత బయటపడిన లాభం! 2019లో డుమేనియన్ బృందం 28 మందిపై జరిపిన ప్రయోగంలో మాయ అవయవపు నొప్పి మెరుగైంది; మొండి నొప్పి విషయంలో తేడా అంత గట్టిగా తేలలేదు. మిషిగన్‌లో పాల్ సెడెర్నా బృందం ఇంకా సులువైన మార్గం పట్టింది: నరం చివరకు చిన్న కండరం ముక్కను చుట్టడం.

1998 నాటి పుస్తకాన్ని 2019 నాటి ఫలితంతో కొట్టడం అన్యాయమేనని మీరనవచ్చు. ఒప్పుకుంటాను. కానీ నొప్పిని ముందే ఆపగలమా అన్న ప్రశ్న అప్పటికే ఉంది. 1997లో డెన్మార్క్ వైద్యులు శస్త్రచికిత్సకు ముందు నుంచే వెన్నులో మత్తుమందిచ్చి 60 మందిని పరిశీలించారు. మాయ నొప్పి తగ్గలేదు. అదే ఏడు మెల్జాక్ బృందం, ఆరేళ్ల లోపు అవయవం పోయినవారిలో సగం మందికి అది ఇంకా ఉన్న భావన కలుగుతుందని చూపింది. పుస్తకంలో చేతులు లేకుండా పుట్టిన భారతీయ యువతి కథ వస్తుంది, నిజమే. కానీ అది మెదడులోని పటం పుట్టుకతోనే ఉంటుందా అన్న వాదన కోసం.

పిల్లల సంగతి వేరు. వారి ఎముక పెరుగుతుంది. మధ్యలో కోసిన ఎముక చివర మొనదేలి చర్మాన్ని పొడుచుకురావచ్చు. అప్పుడు మళ్లీ ఆపరేషన్. అందుకే వీలైనచోట కీలు దగ్గరే విడదీస్తారు. పైగా చిన్నపిల్లలు నొప్పికి అంకె చెప్పలేరు. నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా బొమ్మలు చూపి అడగాలి. "లేని కాలికి నొప్పేమిట్రా" అని పెద్దవాళ్లు కసిరితే ఆ కాస్తా చెప్పడు. ఎముక క్యాన్సర్‌కు కాలు తీయవలసి వస్తే నరాన్ని ఏంచేయాలో ఆలోచించే వ్యవధి ఉంటుంది. గడ్డి కోసే మిషన్‌లో చేయి పడ్డప్పుడు ఆ వ్యవధి ఉండదు. ఈ కొత్త పద్ధతుల పరీక్షలు ఎక్కువగా పెద్దవాళ్ల మీదే జరిగాయి కనుక, పిల్లలకు హామీలిచ్చేవారిని నమ్మకండి.

చివరగా ఒక చిన్న విషయం. అద్దం పెట్టెతో పేరొచ్చిన ఆ రోగిని మరోసారి చూడండి. మోటారుసైకిల్ ప్రమాదంలో అతని చేతి నరాలు వెన్నుపాము దగ్గరే ఊడిపోయాయి. అంటే అతని మొండి నుంచి మెదడుకు కబురు వెళ్లే దారే లేదు. మోచేయి కింద తెగిన పిల్లవాడికి ఆ దారి చెక్కుచెదరకుండా ఉంటుంది. ఈ తేడాను పుస్తకం నొక్కిచెప్పి ఉండాల్సింది.