శరత్కాల శైలవిహారము – దేశౌచిత్యము

శరత్కాలమున పర్వతనగరములకు విహారార్థము పోవుట నేఁడు సామాన్యమైనది. పోయి వచ్చినవారు వ్రాయు పద్యములును, యాత్రావర్ణనములును విరివిగాఁ గానవచ్చుచున్నవి. వీనిలో రెండు తెఱఁగులు గలవు. కొందఱు కొండమీఁది శరత్తును వర్ణింపఁబూని రెల్లుపూవులను, రాజహంసలను, పండిన వరిచేలను గూర్తురు. మఱికొందఱు ఎఱ్ఱవాఱి రాలిపోవు నాకులను వర్ణించి యదియే శరత్తందురు. మొదటివారిది సంప్రదాయసిద్ధమని మెచ్చుకొనుటయు, రెండవవారిది ఆంగ్లకవుల యనుకరణమనియు, ఆకురాలుట శిశిరధర్మము గావునఁ గాలవిరుద్ధమనియు నాక్షేపించుటయుఁ గలదు. ఈ తీర్పు పునర్విచారణీయము.

ఆక్షేపమునకు మూలము లేకపోలేదు. శరత్తు వెన్నెల కాయు ఋతువనియు, శిశిరము ఆకులు రాలు ఋతువనియు బాలురు తొలితరగతులలోనే వల్లింతురు. కావ్యమార్గమును నదియే. నన్నయభట్టారకుని భారతరచన యాగిన చోట నున్న శారదరాత్రివర్ణనమున నక్షత్రములును, కలువలును, వెన్నెలయుఁ గలవు. రాలిన యాకొక్కటియు లేదు. ఆముక్తమాల్యదలోని శరత్తును వానలు వెలిసిన నేలను, తేఱిన నీటిని విడిచి కొండ యెక్కదు. గోదావరీ కృష్ణా తుంగభద్రల తీరములకు సత్యమైన శరత్తిది. అందుచేతనే యది తెలుఁగు చదువరికి మనసున నాటుకొన్నది.

పర్వతవిహారమునకుఁ గావ్యములలో వేఱొక దారి యేర్పడినది. మాఘుని శిశుపాలవధమున శ్రీకృష్ణుఁ డింద్రప్రస్థమునకుఁ బోవుచు రైవతకాద్రిపై విడియును. నేఁడు గిర్నారని పిలువఁబడు కొండయే యది. నాల్గవ సర్గమునఁ గొండ, ఐదవదానఁ సేనానివేశము, ఆఱవదాన ఋతువులు, పిదపఁ బుష్పాపచయము, జలక్రీడ, చంద్రోదయము, పానగోష్ఠి – విహారమున కింతకంటె సంపూర్ణమైన సామగ్రిని గోరువాఁ డత్యాశాపరుఁడు. కాని యచ్చట ఋతువు లాఱును శ్రీకృష్ణుని సేవింప నొక్కమాఱే వచ్చినవి. శరత్తు వానిలో నొకటియై తన వంతు కొలువు తీర్చుకొని తొలఁగును. అన్ని ఋతువులును గల కొండకుఁ దనదనఁదగిన ఋతువు లేకపోయినది.

భారవి ప్రకృతవిషయమున కింకను దగ్గఱవాఁడు. కిరాతార్జునీయమున నర్జునుఁడు యక్షునివెంట నింద్రకీలమునకుఁ బయనమైనది శరత్తుననే. నాల్గవ సర్గమంతయు శరద్వర్ణనమే. పండి వంగిన వరిచేలు, నర్తకులవలె నూఁగుచు పెరుఁగు చిలుకు గోపికలు, వరివెన్నులను ముక్కునఁ గఱచుకొని యెగిరిపోవు చిలుకలు – అన్నియుఁ ద్రోవపొడుగున నున్న పల్లెలలోనివే. హిమవంతము కన్నులఁబడఁగానే సర్గము ముగియును. దానితో ఋతువును ముగియును. ఐదవ సర్గమున రత్నసానువులు, ఓషధులు, దేవమిథునములు కలవు గాని శరత్తు మఱవఁబడినది. మల్లినాథుని ఘంటాపథము చేతఁబట్టి యీ రెండు సర్గములను బాఠము చెప్పు పండితు లీ మాఱ్పును గమనింపఁదగును. నాల్గవది చూచి వ్రాసినట్లును, ఐదవది విని వ్రాసినట్లును దోఁచును. కాళిదాసు రఘువును శరత్తున జైత్రయాత్రకుఁ బంపి, హిమాలయముఁ జేర్చినపుడు భూర్జపత్రముల మర్మరధ్వనిని వినిపించెను. అచ్చట ఋతువు పేరెత్తలేదు.

తెలుఁగుకావ్యములలోను నింతకంటె నాధారము దొరకదు. వసుచరిత్రమునఁ గోలాహలగిరి ప్రాంతవిహారము వసంతమునకుఁ జేరినది. హిమాలయమునకుఁ బోయిన తెలుఁగు యాత్రికులలో నగ్రగణ్యుఁడగు ప్రవరుఁడు విహరించుటకంటె మధ్యాహ్నమునకే యిల్లు చేరుటకుఁ దొందరపడెను. పాదలేపము మంచునీటఁ గరఁగిపోయిన సంగతి తెలిసినది గాని యది యే ఋతువో పెద్దన తెలుపలేదు.

కావున శరత్తున కొండయూరికిఁ బోయిన కవికి సిద్ధమైన మార్గము లేదు. అతఁడు కన్నులు తెఱచి చూడవలసినదే. చూచినచోఁ గొండకొక శరత్తు గలదని తెలియును. 1870 మొదలు మద్రాసు ప్రభుత్వమునకు వేసవి విడిదియైన ఉదకమండలమున ఆశ్వయుజ కార్తికములలో నీశాన్యఋతుపవనము వానలు గురియించును. అచ్చటి శరత్తునకు సగము వర్షర్తువు వేషమే. సిమ్లాలో దేవదారువు లాకు రాల్పవు. వానలు వెలిసి మంచుశిఖరములు తేటపడుటయే యచ్చటి శరత్తు. శ్రీనగరము సుమారు 5,200 అడుగుల యెత్తున నున్నది. అచ్చటఁ గార్తికమున చినారు వృక్షములు పసుపువాఱి, పిదప రాగివన్నె దాల్చి, రాలును. ఆ యూరివారు రాలిన యాకులనూడ్చి, కాల్చి, బొగ్గుచేసి, చలికాలమున నొడిలోఁ బెట్టుకొను కాంగడీ యను నిప్పుకుంపటికై దాఁచుకొందురు. విహారికిఁ గన్నులపండువైనది గృహస్థునకు రాఁబోవు చలికి వంటచెఱకు వంటిది. పాంపూరు పొలములలోఁ గుంకుమపూవు వికసించుటయు నప్పుడే. 1620లో జహంగీరు పాదుషా యా పూఁతను జూడఁబోయి, ఘాటైన పరిమళమునకుఁ దన పరివారమునకుఁ దలనొప్పి వచ్చెనని స్వచరిత్రమున వ్రాసికొనెను. కవిగాని యా పాదుషా యొక్క తలనొప్పిలో నున్న దేశసత్యము రెల్లుపూవుల పద్యములు పదింటిలో లేదు.

ఇంక నాక్షేపమునకు సమాధానము. కాశ్మీరభాషలో నీ యాకురాలు ఋతువు పేరు ‘హరుద్’. ఇది శరచ్ఛబ్దభవమే, శకారము హకారమైనది. అనఁగా కాశ్మీరమున శరత్తను పేరే పర్ణపాతకాలమునకుఁ జెల్లుచున్నది. అట్టి చోట రాలు నాకులను శరత్తునఁ జెప్పిన కవి యాంగ్లానుకరణదోషి యెట్లగును? దండి దేశకాలవిరోధమును దోషములలోఁ జేర్చినపుడు దేశమును మొదటఁ జెప్పెను. దేశౌచిత్యమును, కాలౌచిత్యమును వేర్వేఱుగా విచారించిన క్షేమేంద్రుఁడు కాశ్మీరుఁడే. వారి కొలఁబద్దతోఁ జూచినచోఁ దప్పు మొదటి తెగవారిదే యగును. రెల్లు ఏటియిసుకల మొక్క. హంసలో, కవిసమయము చొప్పున వర్షర్తువున మానసమునకుఁ బోయి శరత్తున మైదానముల కొలఁకులకు దిగివచ్చును. వానిని శరత్తున హిమాలయమునఁ గూర్చుండఁబెట్టిన కవి లోకమునే గాక తాను నమ్మిన సమయమును గూడ నతిక్రమించుచున్నాఁడు. బెంగుళూరు తోఁటలోనో, బెజవాడ వీథిలోనో యాశ్వయుజమున నెఱ్ఱనాకులు రాల్చు కవిపై మాత్ర మాక్షేపము న్యాయమే. అచ్చట నది యనుకరణమే.

తెలుఁగుదేశమున నీ పరీక్షకుఁ దగిన చోటు లేకపోలేదు. విశాఖమన్యమున సుమారు 3,000 అడుగుల యెత్తున నున్న అరకులోయలోఁ గార్తికమున వలిసెచేలు పూచి కొండవాలులను బచ్చనిపసుపుఁ జేయును. గిరిజనులు నూనెగింజలకై విత్తిన పంట యది. దానిఁ జూచుటకే జనులు కొండ యెక్కుచున్నారు. ఆ పసుపునకుఁ బ్రబంధముల శరద్వర్ణనములలోఁ జోటు లేదు. అరకుపైఁ బద్యము వ్రాయువారు దానిని విడిచి మరల రెల్లునే పూయించుట కా సంప్రదాయము సాకు గానేరదు.